వెజ్‌లే చర్చిని కట్టింది జనం, కాపాడింది జనం రాకపోవడం

మధ్యయుగపు చర్చిల గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ వీడియో చూసినా ఒకటే వరస. ముందు రోమనెస్క్ శైలి: గుండ్రటి కమానులు, మందపాటి గోడలు. తర్వాత గోథిక్ శైలి: కోసుగా లేచిన కమానులు, నిలువెత్తు కిటికీలు. ఒకటి ముసలిదైపోతే రెండోది వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు చెప్తారు. ఈ కథలో కట్టడాన్ని కట్టేది శైలే. డబ్బెక్కడిది, కప్పు ఎందుకు కూలింది, ఊళ్ళోవాళ్ళు ఎవరిమీద కత్తి దూశారు, ఇవన్నీ ఫుట్‌నోట్లలోకి పోతాయి. సివిల్ ఇంజినీరింగ్ చదివినందువల్లో ఏమో, నాకీ వరస ఎప్పుడూ మింగుడుపడలేదు. మేస్త్రీ ఎవడూ పొద్దున్నే లేచి "ఇవాళ్టి నుంచి గోథిక్ కడదాం" అనుకోడు. అతనికి ఓ ఇబ్బంది ఎదురవుతుంది, చేతిలో కొంత డబ్బుంటుంది, నెత్తిమీద ఓ యజమాని ఉంటాడు. మిగతాది మనం తర్వాత పెట్టుకున్న పేరు.

నా వాదనకి నేను చూపించే సాక్ష్యం ఫ్రాన్సులోని వెజ్‌లే.

బుర్గుండీ ప్రాంతంలో ఓ కొండ. కొండమీద ఊరు. ఊరి జనాభా ఐదొందలు కూడా లేదు. కింద నుంచి ఒకటే వీధి మెలికలు తిరుగుతూ పైకెళ్ళి క్రీస్తు శిష్యురాలు మగ్దలేనే మరియ పేరు మీదున్న చర్చి ముందు ఆగుతుంది. ఆ చర్చి పొడవు దాదాపు 120 మీటర్లు. ఐదొందల మందికి ఇంత చర్చి ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పోతే చాలు, శైలుల పేర్లు లేకుండానే కథంతా చెప్పొచ్చు.

9వ శతాబ్దం మధ్యలో గిరార్ అనే ప్రభువు, అతని భార్య బెర్త కలిసి ఈ కొండ కింద లోయలో సన్యాసినుల కోసం ఒక మఠం పెట్టించారు. దాన్ని నేరుగా పోపు చేతికే అప్పజెప్పారు. అంటే పక్కనున్న ఓతాఁ బిషప్పుకి గానీ, నెవేర్ కౌంటుకి గానీ దానిమీద హక్కు లేదు. ఈ ఏర్పాటు తర్వాత మూడొందల ఏళ్ళ తగాదాలకి విత్తనం వేసింది. నార్మన్ల దాడుల తర్వాత మఠం లోయ వదిలి కొండెక్కింది. సన్యాసినుల బదులు బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసులు వచ్చారు. అప్పటికి మగ్దలేనే మరియ ప్రస్తావనే లేదు. 11వ శతాబ్దంలో జెఫ్రువా అనే మఠాధిపతి కాలంలో ఆమె అస్థికలు తమ దగ్గరున్నాయన్న మాట బయటికొచ్చింది. 1050లో పోపు ఇచ్చిన పత్రంలో ఆమె పేరు కనిపిస్తుంది. 1058 నాటికి అస్థికల సంగతిని కూడా రోము ఒప్పుకుంది.

పాలస్తీనాలో పుట్టిన స్త్రీ ఎముకలు బుర్గుండీ కొండమీదకి ఎలా వచ్చాయి? సన్యాసులు కథ సిద్ధం చేసుకున్నారు. మరియ పడవెక్కి దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ తీరానికి చేరిందట, అక్కడే చనిపోయిందట. అరబ్బుల దాడుల కాలంలో వెజ్‌లే నుంచి బాడిలో అనే సన్యాసి వెళ్ళి ఆమె సమాధి నుంచి అస్థికల్ని రహస్యంగా తీసుకొచ్చాడట. మామూలు భాషలో దొంగతనమే. కానీ ఆ కాలంలో దీన్ని తప్పుగా చూడలేదు. పుణ్యాత్మురాలికి రావడం ఇష్టం లేకపోతే వచ్చేదా, అన్నది వాళ్ళ తర్కం. ఈ కథలో ఉన్న లొసుగు మాత్రం గుర్తుపెట్టుకోండి. అసలు సమాధి ప్రొవాన్స్‌లో ఉందని వెజ్‌లే తన నోటితోనే ఒప్పుకుంది.

అస్థికల సంగతి బయటికి పొక్కాక జనం రావడం మొదలైంది. పైగా స్పెయిన్‌లోని సాంతియాగో యాత్రకి ఫ్రాన్సు నుంచి వెళ్ళే నాలుగు ప్రధాన దారుల్లో ఒకటి వెజ్‌లే మీదుగా పోతుంది. 12వ శతాబ్దపు యాత్రికుల గైడు ఈ ఊళ్ళో ఆగి మగ్దలేనే మరియని దర్శించుకోమని చెప్తుంది. జూలై 22న ఆమె పండుగకి కొండ కిక్కిరిసిపోయేది.

జనం పెరిగితే పాత చర్చి చాలదు. 1096లో మఠాధిపతి అయిన ఆర్తో, తూర్పు వైపున బలిపీఠం ఉండే భాగాన్నీ అడ్డంగా చేతుల్లా చాచుకున్న భాగాన్నీ కొత్తగా కట్టించాడు. 1104లో ప్రతిష్ఠ జరిగింది. 1106లో ఊరివాళ్ళు అతన్ని చంపేశారు. కట్టడం ఖర్చు పన్నుల రూపంలో ఊరి నెత్తిన పడిందని చెప్తారు. ఆ ఊరి బతుకంతా యాత్రికులతోనే: సత్రాలు, డబ్బు మార్చేవాళ్ళు, కొవ్వొత్తులు అమ్మేవాళ్ళు. వచ్చే ప్రతి పైసాలో మఠం వాటా అడిగేది. మఠానికి జనం కావాలి, ఊరికీ జనం కావాలి, మధ్యలో లెక్క తేలదు. 1152లో ఊరివాళ్ళు స్వపరిపాలన సంఘం పెట్టుకుని మఠం మీద తిరగబడ్డారు. నెవేర్ కౌంటు వెనకనుంచి ఎగదోశాడు. చివరికి 1155లో రాజు ఏడో లూయీ మఠం పక్షాన తీర్పు చెప్పి ఆ సంఘాన్ని రద్దుచేయించాడు. ఈ గొడవలన్నిటినీ ఆ మఠంలోనే ఉన్న ఊగ్ అనే సన్యాసి రాసిపెట్టాడు. సహజంగానే ఊరివాళ్ళ వైపు నుంచి ఒక్క మంచి మాట రాయలేదు.

అసలు మలుపు 1120. పండుగ ముందు రాత్రి, జూలై 21న, పాత చర్చిలో నిప్పంటుకుంది. పండుగకి వచ్చిన యాత్రికులు లోపల నిద్రపోతున్నారు. వెయ్యిమందికి పైగా చనిపోయారని ఆనాటి రాతలు చెప్తాయి. ఇప్పుడు మనం లోపలికి అడుగుపెట్టగానే కనిపించే పెద్ద హాలు, అంటే నేవ్, ఈ చావుల తర్వాత కట్టిందే. పుస్తకాలు దీన్ని "రోమనెస్క్ పరిణతి" అంటాయి. నాకు మాత్రం అది ముందు అగ్నిప్రమాదానికి వచ్చిన జవాబులా కనిపిస్తుంది. చెక్క వాడితే కాలుతుంది, అందుకే నేవ్ మొత్తానికి రాతికప్పు వేశారు.

రాతికప్పు వెయ్యడం ఒకెత్తు, నిలబెట్టడం ఇంకొకెత్తు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి.

కమాను కప్పు బరువు కిందికే కాదు, పక్కలకీ తోస్తుంది. పీపాని నిలువునా కోసి బోర్లించినట్టుండే కప్పు వేస్తే ఆ తోపుడు గోడ పొడవునా ఒకే తీరుగా పడుతుంది. అందుకే గోడ లావుగా ఉండాలి, కిటికీలు చిన్నగా ఉండాలి, లోపల చీకటి తప్పదు. వెజ్‌లే మేస్త్రీలు అలా చెయ్యలేదు. రెండు పీపాలు ఒకదానికొకటి అడ్డంగా దూసుకుపోతే వచ్చే ఆకారాన్ని ప్రతి స్తంభాల జత మధ్యా వేసుకుంటూ పోయారు. అప్పుడు తోపుడంతా నాలుగు మూలల్లో, స్తంభాల దగ్గర, దిగుతుంది. మధ్యలో గోడ ఖాళీ, కిటికీ పెద్దగా పెట్టుకోవచ్చు. బుర్గుండీ దక్షిణాన ఆంజీ-ల-దుక్ అనే ఊరి చిన్న చర్చిలో ఈ పద్ధతి ముందే ఉంది. అగ్నిప్రమాదం నాటికి వెజ్‌లే మఠాధిపతిగా ఉన్న రెనో ద సెమూర్ ఆ చుట్టుపక్కల కుటుంబానికి చెందినవాడే. కిటుకు గాల్లో ఎగిరి రాలేదు, చుట్టరికాల దారిలో వచ్చిందని నా అనుమానం.

కానీ చిన్న చర్చిలో నిలబడింది పెద్ద చర్చిలో నిలబడాలని రూలేం లేదు. ఈ నేవ్ పొడవు దాదాపు 62 మీటర్లు, ఎత్తు 18 మీటర్లు. తూలూజ్, కాంక్ చర్చిల్లో నేవ్‌కి రెండు పక్కలా పై అంతస్తు ఉంటుంది, దాని సగం కమాను కప్పు పెద్ద కప్పుకి భుజం ఆనిస్తుంది. వెజ్‌లేలో ఆ అంతస్తు లేదు. కింద వరస కమానులు, పైన సరాసరి కిటికీలు. వెలుతురు బాగా వచ్చింది, ఊతం పోయింది. గోడల్లో పొడుగ్గా చెక్క దూలాలు పొదిగి, ఇనుముతో కప్పుని పట్టి ఉంచాలని చూశారు. రాతి మధ్యలో చెక్క కుళ్ళిపోయింది. గోడలు బయటికి ఒరిగాయి. తర్వాతి కాలంలో బయటినుంచి వంపు ఆనుడులు కట్టి ఆపాల్సొచ్చింది.

అక్కడికి వెళ్ళినవాళ్ళు దీన్ని కళ్ళతో చూడొచ్చు. నేవ్ నడిమధ్యలో నిలబడి తలెత్తితే అడ్డంగా వరసగా కమానులు, ఒక తెల్లరాయి ఒక గోధుమరంగు రాయి చొప్పున పేర్చినవి. చాలామంది ఆ రంగుల దగ్గరే ఆగి ఫోటో తీసుకుంటారు. రంగులొదిలి గీత చూడండి. అర్ధవృత్తం కావాల్సిన కమాను నెత్తి దగ్గర అణిగి చదునైంది. పక్కదానికీ దీనికీ వంపు ఒకేలా లేదు. తర్వాత గోడ వెంబడి చూపు దించండి, పైన బయటికి వాలడం తెలుస్తుంది. నేను చాలాసేపు మెడ నొప్పెట్టేదాకా అదే చూశాను. పక్కనున్న గైడు తన బృందానికి "ఈ సామరస్యం చూడండి" అని చెప్తోంది. సామరస్యం సంగతేమో గానీ, తొమ్మిదొందల ఏళ్ళుగా అక్కడ ఒక తోపులాట జరుగుతోంది.

ఇంకో విషయం. కళాచరిత్రలో "యాత్రా చర్చి" అని ఓ రకం ఉంది. తూర్, లిమోజ్, కాంక్, తూలూజ్, సాంతియాగో, ఈ ఐదూ దాని నమూనాలు. వీటిలో తూర్, లిమోజ్ చర్చిలు ఫ్రెంచి విప్లవం తర్వాత మిగల్లేదు. బలిపీఠం వెనకనుంచి చుట్టి వచ్చే దారి, దానికి ఆనుకుని చిన్న చిన్న ప్రార్థనా గదులు, పైన అంతస్తు ఉంటే ఈ రకం కిందికొస్తుంది. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ పథం ఉన్నట్టే: లోపల సన్యాసుల పూజ ఆగకుండా, బయట యాత్రికుల వరస ఆగకుండా చేసిన ఏర్పాటు. పై అంతస్తు లేదు కాబట్టి వెజ్‌లే ఈ జాబితాలో చేరదు. ఆ కాలపు ఫ్రాన్సులో అంత పెద్ద యాత్రాస్థలానికి "యాత్రా చర్చి" జాబితాలో చోటు లేదంటే, లోపం చర్చిదా జాబితాదా?

జనం ఒత్తిడి ఇంకా స్పష్టంగా కనిపించేది పడమటి వైపు. 1132లో పోపు రెండో ఇన్నొసెంటు వచ్చి ప్రతిష్ఠ చేశాడు. ఆ దశాబ్దాల్లోనే నేవ్ ముందు మూడు అంకణాల ముఖమంటపం లేచింది. అది దానికదే ఒక చర్చంత ఉంటుంది. యాత్రికులు గుమిగూడడానికి, ఊరేగింపులు సర్దుకోవడానికి కట్టిన చోటు. ఇది కూడా చాలని రోజులొచ్చాయి. 1146 ఈస్టరు నాడు, మార్చి 31న, క్లేర్వో మఠపు బెర్నార్డు ఇక్కడ రెండో క్రూసేడుకి, అంటే జెరూసలేం వైపు సాగే మతయుద్ధానికి, పిలుపిచ్చాడు. అంత జనం లోపల పట్టక ఊరి బయట పొలంలో చెక్క వేదిక వేశారు. పంచడానికి తెచ్చిన గుడ్డ శిలువలు అయిపోతే బెర్నార్డు తన బట్టలే చింపి ఇచ్చాడని, ఆ యాత్రలో రాజు వెంట వెళ్ళిన ఓదో అనే సన్యాసి రాశాడు. 1166లో ఇంగ్లండు నుంచి పారిపోయి వచ్చిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్, రెండో హెన్రీ రాజు మనుషుల్ని ఈ చర్చిలోనే వెలివేశాడు. 1190 జూలైలో ఫ్రాన్సు రాజు ఫిలిప్, ఇంగ్లండు రాజు రిచర్డు మూడో క్రూసేడుకి ఇక్కడే కలిసి బయల్దేరారు. ఏం చెప్పినా దేశమంతా పాకాలంటే ఈ కొండమీదే చెప్పాలి, అలా ఉండేది.

ముఖమంటపం లోంచి నేవ్‌లోకి వెళ్ళే పెద్ద ద్వారం మీద అర్ధవృత్తాకారపు శిల్పం ఉంది. మధ్యలో క్రీస్తు, ఆయన చేతుల్లోంచి కిరణాలు అపొస్తలుల మీదికి దిగుతున్నాయి. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన పెంతెకొస్తు ఘట్టమనీ, లోకానికి సువార్త చాటమని పంపిన ఘట్టమనీ రెండు రకాలుగా చెప్తారు. నాకు ఆసక్తి అంచుల్లో. సువార్త అందాల్సిన లోకం అక్కడ ఉంది: కుక్కతల మనుషులు, ఒళ్ళంతా కప్పుకునేంత చెవులున్నవాళ్ళు, నిచ్చెన వేసుకుని గుర్రమెక్కే మరుగుజ్జులు. వాటి చుట్టూ పన్నెండు రాశులు, నెలవారీ వ్యవసాయప్పనులు. మేషం, వృషభం, కర్కాటకం, మన పంచాంగంలో ఉన్నవే. పరిచయమున్న ముఖాలు కనిపించినట్టనిపించింది.

ఈ శిల్పం మనకి మిగలడానికి కారణం కూడా ముఖమంటపమే. చర్చి బయటి ముఖం మీదున్న అంతిమ తీర్పు శిల్పాన్ని విప్లవకాలంలో పాడుచేశారు. లోపలిది కూడా దెబ్బలు తింది, కానీ నిలిచింది. గాలీ వానా తగలకుండా మీద కప్పుంది. జనం కోసం కట్టిన నీడ శిల్పానికి పనికొచ్చింది.

నేవ్ స్తంభాల తలల మీద కూడా శిల్పాలు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో బాగా పేరున్నది తిరగలి. పొట్టి అంగీ వేసుకున్న మోషే పైనుంచి ధాన్యం పోస్తున్నాడు. శిలువ గుర్తున్న చక్రం తిరుగుతోంది. కింద పొడుగు వస్త్రంలో పౌలు వంగి, సంచి పట్టుకుని పిండి ఎత్తుకుంటున్నాడు. పాత నిబంధన గింజ అయితే దాన్ని ఆడించి తీసిన పిండి కొత్త నిబంధన అన్నమాట. చదువురాని యాత్రికుల కోసమే ఈ బొమ్మలు చెక్కారన్న మాట ప్రతి గైడూ చెప్తాడు. నాకు నమ్మబుద్ధి కాదు. పౌలు రాసిన పత్రికలు, అంటే బైబిల్లోని ఉత్తరాలు, చదివి, వాటి మీద వ్యాఖ్యానాలు చదివినవాడికే ఈ బొమ్మ అర్థం అవుతుంది. కొండెక్కి వచ్చిన రైతుకి అక్కడ కనిపించేది ఇద్దరు మనుషులు, పిండి. బొమ్మ సన్యాసులు తమలో తాము మాట్లాడుకున్నది. జనం చూసి ఆనందించలేదని కాదు, పాఠం మాత్రం జనానికి కాదు.

వేసవి అయనాంతం నాటి వెలుగు గురించి కూడా ఒక మాట. జూన్ 21 ప్రాంతంలో, సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ, అంటే అక్కడి గడియారంలో రెండింటికి కాస్త ముందు, దక్షిణపు కిటికీల నుంచి వచ్చే వెలుగు మచ్చలు నేవ్ నడిమధ్యలో వరసగా పడతాయి. 1976లో ఇక్కడి ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఒకరు దీన్ని గమనించి చెప్పిన దగ్గర్నుంచి ఏటా జనం గుంపులు కడతారు. ముందే లెక్కగట్టి కట్టారని భక్తితో చెప్తారు. చూడముచ్చటైన దృశ్యమే. కానీ తూర్పు పడమరలుగా ఉన్న హాలు, దక్షిణాన సమదూరంలో పెద్ద కిటికీలు ఉంటే ఏడాదిలో ఏదో ఒక కాలంలో మచ్చలు వరసకట్టక తప్పదు. సరిగ్గా నడిగీత మీదే, సరిగ్గా ఆ రోజే పడడం లెక్కేనని వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు, పందెం మాత్రం కాయను.

గోథిక్ భాగం ఎలా వచ్చిందో కూడా చూడండి. 1165 ప్రాంతంలో బలిపీఠం కింద అస్థికలుండే నేలమాళిగలో మంటలు రేగాయి. అక్కడున్న మేరీమాత చెక్కబొమ్మ నల్లబడింది గానీ కాలలేదు, విప్పి చూస్తే లోపల వేరే పుణ్యాత్ముల అస్థికలు దొరికాయి అని ఊగ్ రాశాడు. కబురు పాకింది, జనం ఇంకా ఎగబడ్డారు. ఆ తర్వాతే తూర్పు భాగాన్ని కొత్తగా, సన్నటి స్తంభాలతో, చుట్టూ ప్రార్థనా గదులతో, పాలరాయిలా తెల్లగా మెరిసే వెలుతురుతో కట్టారు. 12వ శతాబ్దం చివరికి దాదాపు పూర్తయింది. అప్పటికి పారిస్ చుట్టుపక్కల ఈ పద్ధతి వచ్చేసింది, మేస్త్రీలకి తెలుసు, నిజమే. శైలికి పాత్ర లేదని నేననను. కానీ ఫ్యాషన్ మారిందని ఎవరూ బాగున్న గోడ పడగొట్టలేదు. మంటో మహిమో, జనం, డబ్బు, అప్పుడు కట్టడం. 1096 నాటికీ, 1120 నాటికీ, 1165 నాటికీ ఇదే వరస.

ఇక్కడిదాకా జనం కట్టారు. తర్వాత జనం ఆగిపోయారు.

13వ శతాబ్దం మధ్యకి అనుమానాలు మొదలయ్యాయి. వెజ్‌లే అస్థికల్ని ఎవరూ కళ్ళారా చూసింది లేదు. 1265లో సన్యాసులు సమాధి తెరిచారు. ఎముకలు, చాలా స్త్రీ కేశాలు, నిజమైన అస్థికలేనని చెప్పే ఒక ఉత్తరం దొరికాయి. 1267 ఏప్రిల్‌లో రాజు తొమ్మిదో లూయీ సమక్షంలో అస్థికల్ని ఘనంగా కొత్త పెట్టెలోకి మార్చారు. అంత అవసరం పడిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

1279 డిసెంబరులో ప్రొవాన్స్‌లోని సెంట్-మాక్సిమెఁలో, ఆ రాజు సొంత తమ్ముడి కొడుకు, సలేర్నో యువరాజు చార్ల్స్ తవ్వించాడు. మగ్దలేనే మరియ దేహం దొరికిందని ప్రకటించాడు. పక్కనే ఓ చీటీ. అరబ్బుల భయంతో 8వ శతాబ్దం తొలినాళ్ళలోనే ఆమె దేహాన్ని ఆమె సమాధి నుంచి తీసి పక్కనున్న సిదోనియస్ అనే పుణ్యాత్ముడి సమాధిలోకి మార్చామని అందులో ఉంది. అంటే బాడిలో వచ్చి దొంగతనం చేసిన మాట నిజమే, కానీ ఖాళీ సమాధి దగ్గర మోసపోయాడు. దొంగ చెప్పిన కథతోనే దొంగని పట్టుకున్నారు. వెజ్‌లే కథని కాదనలేదు, దాన్ని పూర్తిగా ఒప్పుకుని ఒక్క పేరా కలిపారంతే. ఇంత చక్కటి ఫోర్జరీకి నేను టోపీ తీసి దణ్ణం పెడతాను. 1295లో పోపు ఎనిమిదో బోనిఫస్ ప్రొవాన్స్ పక్షాన నిలిచాడు. వెజ్‌లే యాత్రకి అదే చావుదెబ్బ.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడుంది. 1295 తర్వాత కూడా జనం ఎగబడుతూనే ఉండి ఉంటే ఈ నేవ్ ఉండేదా? నాకు నమ్మకం లేదు. గోడలు ఒరిగి, కప్పు అణిగి ఉన్న నేవ్‌ని డబ్బున్న మఠం ఏదీ అలా వదిలెయ్యదు. తూర్పు భాగాన్ని మార్చినట్టే పడమటి వైపూ కొట్టేసి, తెల్లగా, ఎత్తుగా, కొత్త పద్ధతిలో కట్టేసేది. ఆ పని మొదలైన జాడలు కూడా ఉన్నాయి. నేవ్ తూర్పు చివరి అంకణాల కప్పులు గోథిక్ పద్ధతిలో మారాయి. అక్కడితో ఆగింది. డబ్బు లేక ఆగింది.

పోల్చడానికి సాంతియాగో ఉంది. అక్కడ చర్చి 1075లో మొదలై 1211లో ప్రతిష్ఠ అయింది. దానికీ గడ్డుకాలాలు వచ్చాయి గానీ యాత్ర చావలేదు, ఆదాయం పూర్తిగా ఎండిపోలేదు. ఫలితం ఏమిటంటే ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే సాంతియాగో ముఖం మధ్యయుగానిది కాదు. 1738 నుంచి 1750 వరకు ఫెర్నాందో ద కాసాస్ నోవోవా ఆడంబరమైన బరోక్ శైలిలో కట్టిన తెర. దాని వెనక, 1188లో మతేయో మేస్త్రీ నిలబెట్టిన అద్భుతమైన శిల్పద్వారం దాక్కుని ఉంది. ఆ తెర లేకపోతే వానకి అదీ పోయేదేమో, ఒప్పుకుంటాను. కానీ భక్తి, డబ్బు ఎడతెగకుండా వచ్చే చోట పాత రాయి పాతగా ఉండడం కష్టం. బాగుచెయ్యాలనే ఉత్సాహం చేసినంత నష్టం నిర్లక్ష్యం చెయ్యలేదని చాలా కట్టడాల విషయంలో చూపించొచ్చు.

నిర్లక్ష్యాన్ని మరీ నెత్తినెక్కించుకోకూడదు, నిజమే. అది వెజ్‌లేని చంపేదాకా వచ్చింది. 16వ శతాబ్దంలో సన్యాసులు పోయారు. 1569లో ప్రొటెస్టంటు సైన్యం ఊరిని పట్టుకుని చర్చిని దోచుకుంది. విప్లవం తర్వాత మఠం భవనాల్ని చాలావరకు పడగొట్టారు. 1819లో పిడుగు పడి దక్షిణపు బురుజు చెక్క శిఖరం కాలిపోయింది. 1834లో చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టరు ప్రొస్పేర్ మెరిమే వచ్చాడు. లోపల కూర్చుని బొమ్మ గీసుకుంటుంటే కప్పునుంచి చిన్నచిన్న రాళ్ళు చుట్టూ రాలుతున్న చప్పుడు వినిపించిందని రాశాడు. ఇక కొన్నేళ్ళు వదిలేస్తే కూలిపోయేదే.

1840లో ఈ పనిని వియొలే-ల-ద్యుక్ అనే 26 ఏళ్ళ కుర్రాడికి అప్పజెప్పారు. పేరున్న ఆర్కిటెక్చర్ స్కూల్లో చదవలేదు, ఇంత పెద్ద పని ముందు చేసిందీ లేదు. ఒక ఇంజినీరుగా ఆ మొదటి నెలల టెన్షన్ ఊహించుకుంటేనే నాకు చెమటలు పడతాయి. ఒరిగిన గోడ మీద అణిగిన కప్పు ఉంది. ఏ రాయి ముందు తీసినా మిగతాది నెత్తిన పడొచ్చు. కప్పు కింద చెక్క సారువలు ఆనించి, అంకణం వెంట అంకణం విప్పి, బాగా పాడైన అడ్డకమానుల్ని మళ్ళీ కట్టి, బయటి ఆనుడుల్ని సరైన చోట తోపుడు అందుకునేలా తిరిగి నిలబెట్టాడు. పని 1859 దాకా సాగింది. చర్చి ఇవాళ నిలబడి ఉందంటే అతని చలవే. అతన్ని తిట్టడం చదువుకున్నవాళ్ళలో ఫ్యాషన్ అయింది, "కల్పించి కట్టేశాడు" అని. కప్పు కూలిపోయాక ఉండే చర్చి ఏదో వాళ్ళు చెప్పాలి.

ఇంతవరకు నేనతని పక్షమే. రెండు చోట్ల మాత్రం కాదు.

మొదటిది బయటి ముఖం. పాడైన అంతిమ తీర్పు శిల్పం స్థానంలో 1850లలో కొత్తది చెక్కించి పెట్టారు. పని నీటుగా ఉంటుంది. మరీ నీటుగా ఉంటుంది. మధ్యయుగపు చర్చి ముఖం మీద అసలు శిల్పమే చూస్తున్నాననుకుని ఫోటో తీసుకునేవాళ్ళు చాలామంది. గాయం గాయంగా వదిలేసి ఉంటే విప్లవం కూడా ఈ చర్చి చరిత్రలో ఓ పేజీగా కనిపించేది.

రెండోది నాకు ఇంకా మింగుడుపడనిది. ఇందాక చెప్పిన నేవ్ తూర్పు అంకణాల గోథిక్ కప్పుల్లో చాలావాటిని అతను విప్పి, మిగతా నేవ్‌తో కలిసిపోయేలా రోమనెస్క్ పద్ధతిలో కట్టేశాడు. కట్టడపరంగా బలహీనంగా ఉన్నాయన్నాడు. అది కొంత నిజమే కావొచ్చు. కానీ బలహీనమైనదాన్ని అదే రూపంలో బలంగా కట్టొచ్చు, పక్క అంకణాల్లో అతనే చేశాడు కూడా. ఇక్కడ రూపం మార్చింది ఒకే ఒక్క కారణానికి: నేవ్ రోమనెస్క్, కాబట్టి మొత్తం రోమనెస్క్‌గా ఉండాలి. జనం వస్తుండగా మొదలై, జనం ఆగడంతో ఆగిపోయిన పని అది. ఈ చర్చి జీవితంలో ఆ మలుపుకి మిగిలిన రాతిసాక్ష్యం అదే. దాన్ని చక్కగా, బలంగా, పొరపాటు లేకుండా చెరిపేశారు. శైలి పుస్తకాల్లో ఉన్నంతసేపు నా కోపం అకడమిక్. అది నిచ్చెనెక్కి కప్పు విప్పించినప్పుడు మాత్రం నిజంగా నష్టం జరిగింది.

ఇప్పుడు ఆ అంకణాల్ని మళ్ళీ గోథిక్‌గా మార్చాలా అని ఎవరైనా అడిగితే వద్దనే అంటాను. ఆ రాళ్ళకీ 170 ఏళ్ళు పైబడ్డాయి, అవీ ఓ కాలపు ఆలోచనకి సాక్ష్యాలే. మళ్ళీ విప్పితే అతను చేసిన పనే మనమూ చేసినట్టు. చెయ్యగలిగింది ఒకటుంది. చర్చి పక్కన, పాత సన్యాసుల పడకగది ఉన్న భవనంలో, మరమ్మతులప్పుడు దించేసిన అసలు స్తంభశీర్షాలతో చిన్న మ్యూజియం ఉంది. చాలామంది చర్చి చూసి, కిందికి దిగి కాఫీ తాగి వెళ్ళిపోతారు. మీరు ముందు ఆ మ్యూజియానికి వెళ్ళండి. అరిగిన ముక్కులూ విరిగిన చేతులూ దగ్గర్నుంచి చూసి, తర్వాత నేవ్‌లోకి వచ్చి, ఏ తల 12వ శతాబ్దానిదో ఏది 19వ శతాబ్దానిదో మీకు మీరే పోల్చుకోండి.